పలక మీద తీర్పు

వేలికొనతో ఇనుప రేకులను ఒక్కొక్కటే తడుముతూ చుట్టలాయన రేడియో స్టేషన్లోని ఆ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ మూడోసారి తిరిగాడు. నడుమెత్తు ఉంటుందది. స్టూడియోలో చదివిన మాట పెద్ద పెద్ద వాల్వుల్లో బలం పుంజుకుని, దీని గుండా వెళ్ళి, రేడియో తరంగం మీదికి ఎక్కుతుంది. ఇది తిన్నగా లేకపోతే ఎంత చక్కని గొంతైనా బొంగురుపోతుంది. లోపలి రాగితీగ చుట్టలన్నీ ఆయన చేత్తో చుట్టినవే. ఆ పేరు అలా వచ్చింది. పొగాకు వాసనే గిట్టని మనిషిని చుట్టలాయన అంటారేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు తికమకపడేవారు. ఆయన మాత్రం ఆ పేరుతో పిలిస్తేనే పలికేవాడు.

"ఇంక వదిలెయ్ బాబాయ్," అంది ఇంజనీరమ్మ మీటరు చూపిస్తూ. "లావు ధ్వనీ సన్న ధ్వనీ గీత గీసినట్టు సమానంగా వస్తున్నాయి. ఇంత బాగా కుదిరింది నా సర్వీసులో చూళ్ళేదు."

"ఇంట్లో బాగాలేదంటోందమ్మా."

ఆ మాటకు ఇంజనీరమ్మ నవ్వలేదు. చుట్టలాయన భార్య పలక సంగతి స్టేషన్లో అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ రోజూ మధ్యాహ్నం వార్తలు విని, గుమ్మం పక్కన మేకుకు వేలాడే పలక మీద ఒక్క ముక్క రాసిపెడుతుంది. 'బిందెలోంచి మాట్లాడుతున్నారు' అని ఒకసారి రాస్తే, విప్పి చూసినప్పుడు రేకుల బిగింపు వదులై ఉంది. 'జలుబు' అని రాసిన రెండు రోజులకు, మీటరు కూడా పసిగట్టని వాల్వు ఒకటి చల్లగా కన్నుమూసింది. ఆవిడవి పాము చెవులు. మెచ్చుకోలు విషయంలో మాత్రం మహా పిసినారి. ఇన్నేళ్ళలో ఆ పలక ఎక్కిన పెద్ద పొగడ్త 'ఫరవాలేదు'.

మూడు నెలలుగా పలక మీద ఒకటే మాట: 'వార్తలావిడకు పళ్ళూడాయి'. అంటే సకారాలూ షకారాలూ సరిగా రావడం లేదన్నమాట. సన్న ధ్వనులు చుట్టల మధ్యే జారిపోతున్నాయని చుట్టలాయన అనుకున్నాడు. పొరలు పలచన చేసి, ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి పేర్చి, నలభై రోజులు కూర్చుని కొత్తది చుట్టాడు. వారం కిందట బిగించారు. అయినా పలక మాట మార్చలేదు.

"రేపు పొద్దున ఒక్క పూట ప్రసారం ఆపుకోవడానికి అనుమతి ఉంది," అంది ఇంజనీరమ్మ. "విప్పాలనుకుంటే దీన్ని రేపే దించి పాతది పెట్టాలి. మళ్ళీ ఏడాది దాకా ఆపనివ్వరు. ఈలోగా నువ్వూ రిటైరవుతావు. ఇల్లు పీకి పందిరెయ్యకు బాబాయ్."

చుట్టలాయన ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఒక సంగతి ఆయనకు అప్పుడే తట్టి సిగ్గేసింది. మధ్యాహ్నం వార్తల వేళకు తానెప్పుడూ డ్యూటీలోనే ఉన్నాడు. తన చేతిపనిని ఇంటి రేడియోలో ఒక్కనాడూ చెవిపెట్టి వినలేదు. అవతలి చివర అది ఎలా ఉంటుందో చూడాలని చిన్నపిల్లాడిలా కుతూహలం పుట్టింది. సగంపూట సెలవు అడిగాడు.

రెండు వీధులు దాటి, మెట్లెక్కి తలుపు తోసేసరికి ఆవిడ కిటికీ దగ్గర రేడియో ముందు కూర్చుని ఉంది.

"ఇదేంటి, ఈ వేళప్పుడు? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది. విందామని వచ్చా."

"ముప్ఫై ఏళ్ళకు తీరికయిందన్నమాట!" అని కుర్చీ జరిపింది.

వార్తలు మొదలయ్యాయి. చుట్టలాయన రేడియో వైపు చెవి వంచాడు. వార్తలావిడ పక్క గదిలో కూర్చుని చదువుతున్నట్టే ఉంది. సకారాలు తేటగా పలుకుతున్నాయి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆవిడ గాలి పీల్చుకోవడం వినిపించింది. ఆ తర్వాత సుతారంగా, కాగితం తిప్పిన చప్పుడు కూడా. చుట్టలాయనకు కళ్ళు చెమర్చాయి. తన మీద తనకే గర్వం కలిగింది.

"చూశారా," అంది ఆవిడ. "పళ్ళు లేవు."

ఆయన భార్య ముఖంలోకి చూశాడు. ఆవిడ వేళాకోళం చెయ్యడం లేదు.

వార్తలు అయ్యాక ఆవిడ బియ్యం ఏరుకోవడానికి గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చుంది. చుట్టలాయన లేచి వెనక్కి వెళ్ళాడు. చుట్టిన ప్రతిదాన్నీ ముందు లావు ధ్వనితో, తర్వాత సన్న ధ్వనితో పరీక్షించడం ఆయనకు అలవాటు. తలుపు మీద పిడికిలితో మెల్లగా తట్టాడు.

"ఎవరూ?" అంది వెంటనే.

"నేనే. తలుపుకు చెయ్యి తగిలింది."

జేబులోంచి తాళాల గుత్తి తీసి ఊపాడు. సన్నగా గలగలమంది. ఆవిడ వేళ్ళు బియ్యంలో కదులుతూనే ఉన్నాయి. ఒక అడుగు దగ్గరకు వెళ్ళి మళ్ళీ ఊపాడు. చీమ చిటుక్కుమంటే తల తిప్పే మనిషి తిరగలేదు. ఆయన ఇంకా దగ్గరకు వెళ్ళి, ఎలాగైనా వినిపించాలన్నట్టు గట్టిగా ఊపుతుండగా, చేటలోంచి ఏరిన రాళ్ళు పారెయ్యడానికి ఆవిడ ఇటు తిరిగింది.

గుత్తి ఇంకా ఊగుతోంది. ఆవిడ దానివైపు చూసింది. తర్వాత ఆయన ముఖం వైపు చూసింది. చేట ఒళ్ళో పెట్టుకుంది.

"ఎన్నిసార్లు ఊపారు?" అంది చివరికి.

"ఇప్పుడే..." అని ఆయన నసిగాడు. ఆయనకు అబద్ధం ఆడటం రాదు. అయినా ప్రయత్నించాడు. "నువ్వన్నది నిజమే. లోపల రెండు పొరలు అటూ ఇటూ అయ్యాయి. రేపు దించి మళ్ళీ చుడతా."

"దించద్దు."

"సకారాలు రావడం లేదన్నావుగా?"

"మీకు వచ్చాయా?"

చుట్టలాయన తల వంచుకున్నాడు. "వచ్చాయి," అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయనకు నలభై రోజుల పనికంటే ఎక్కువ కష్టమైంది.

"ఇంకా ఏం వచ్చాయి?"

"కాగితం తిప్పింది."

"కాగితమా!" అంది ఆవిడ. ఆవిడ ముఖంలో దిగులుకంటే ముందు ఆశ్చర్యం కనిపించింది. "కాగితం చప్పుడు కూడా పంపించారన్నమాట."

చేట పక్కన పెట్టి లేచింది. మేకు మీదనుంచి పలక తీసి, కొంగుతో పాత మాట తుడిచి, వీపు ఆయన వైపు పెట్టి రాసింది. తిరిగి తగిలించి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపలినుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున ఇంజనీరమ్మ అడిగితే చుట్టలాయన విప్పనక్కర్లేదన్నాడు. ఎందుకని ఆవిడా అడగలేదు. మధ్యాహ్నం ఆ ఇంట్లో రేడియో మోగింది. ఆ తర్వాతా రోజూ మోగుతూనే ఉంది. పలక జోలికి మాత్రం మళ్ళీ ఎవరూ పోలేదు. గుమ్మం పక్కన మేకుకు, దారానికి కట్టిన అరిగిన బలపంతో సహా, అది అలాగే వేలాడుతూ ఉండిపోయింది. దాని మీద, అంతదాకా తాను విననిదెప్పుడూ రాయని ఆవిడ చేతి గుండ్రటి అక్షరాల్లో, 'బాగుంది' అని ఉంది.