మిగిలిన మూడు మడతలు

బడి తెరవడానికి ఇంకా వారం ఉందనగానే టైలరమ్మ కొట్టు ముందు వరస మొదలయ్యేది. వరస అంటే మాటవరసకి అంటున్నాను గానీ, తోపులాటే. ఒక్కో తల్లి చంకలో నీలం స్కర్టో నీలం ప్యాంటో, వెనకాల మూతి ముడుచుకున్న పిల్లో పిల్లాడో. టైలరమ్మ మిషన్ మీంచి తల ఎత్తకుండానే "ఎన్ని మిగిలాయి?" అనేది. "నాలుగు" అనో "రెండే" అనో తల్లులు చెప్పేవాళ్ళు. ఆ వీధిలో పిల్లల వయసు అడిగే పద్ధతి అది.

చిన్నపిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరుగుతారు, వాళ్ళకి ఎవరి సాయమూ అక్కర్లేదు. పన్నెండు నిండి పెద్దబడిలో చేరాకే చిక్కు. చేరేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కటే కుట్టించేవాళ్ళు, అంచున అంగుళం చొప్పున ఆరు మడతలు పెట్టి. ఏడాదికొకటి టైలరమ్మ విప్పేది. విప్పిన బట్ట వేసుకుని కూర్చుంటే, టీ చల్లారేలోపు పిల్ల ఒక ఏడు ఎదిగేది. ఆరోది విప్పిన రోజుకి పద్దెనిమిది. విప్పిన చోట, ఎండ మొహం చూడని బట్ట ముదురు నీలం పట్టీలా బయటపడేది. మళ్ళీ ఏడాది తిరిగేసరికి ఎండకీ ఉతుకులకీ అది కూడా వెలిసి మిగతా బట్టలో కలిసిపోయేది. అప్పుడు మళ్ళీ ఇంకొకటి.

టైలరమ్మ కూతురిని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఒకచోట నిలబడదు, నోరు ఊరుకోదు. తెగిన దారాలు ఊడ్చడం, సుద్దముక్కలు ఏరి డబ్బాలో వెయ్యడం, బాబిన్‌కి దారం చుట్టడం దాని పని. పిచ్చుకకి పదిహేను. మూడు విప్పారు, మూడు మిగిలాయి. ఆ మిగిలిన మూడూ దాని ప్రాణం తోడేసేవి.

"అమ్మా, ఇంకొక్కటి విప్పవూ?"

"ఏడాదికి ఒకటే."

"నువ్వు టైలరువి కదా, నీ సొంత కూతురికి ఆ మాత్రం చెయ్యలేవా?"

"టైలర్ని కాబట్టే చెయ్యను. ఆ కిరాణా కొట్టాయన కొడుకుని చూశావుగా."

వాడిని చూడనిదెవరు! పదమూడేళ్ళప్పుడు మీసాల మోజులో పడి, వాళ్ళ నాన్న గడ్డం గీసుకునే బ్లేడుతో రెండు మడతలు తనే విప్పేసుకున్నాడు మహానుభావుడు. మీసమైతే వచ్చింది. పదమూడూ పద్నాలుగూ మాత్రం వాడికి లేకుండా పోయాయి. చిన్నవాళ్ళతో ఆడబోతే "పెద్దోడివి, నువ్వు రావద్దు" అన్నారు. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుంటే వాళ్ళు దేనికి నవ్వుతున్నారో వాడికి తెలిసేది కాదు. తొందరోడు అని పేరు పడింది. ఇప్పటికీ కొట్లో బస్తాల మీద కూర్చుని, రోడ్డు మీద బంతాట ఆడే పిల్లల్ని చూస్తూ బేరాలు పోగొట్టుకుంటాడు.

అయినా పిచ్చుకకి అవన్నీ చెవికెక్కితేగా. దానికొక స్నేహితురాలు ఉండేది, కబుర్లపోగు. ఇద్దరివీ ఒకే తరగతి, ఒకే బెంచీ, ఇద్దరికీ మూడేసి మడతలే. చివరి మడత విప్పిన రోజున రైలెక్కి సముద్రం చూసి రావాలని ఇద్దరూ ఒట్టేసుకున్నారు. సముద్రం ఎంత దూరమో ఇద్దరికీ తెలీదు. రైల్లో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలన్న దాని మీద మాత్రం అప్పుడే రెండుసార్లు మాటలు మానేసుకున్నారు.

ఆ చలికాలం నుంచి టైలరమ్మ మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగి, పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకునేది. "ఏంటమ్మా?" అంటే "ఏం లేదు, దారం తెగింది" అనేది. రెండుసార్లు కొట్టు మూసి పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చింది. పిచ్చుకకి ఊహ తెలియకముందే నాన్న పోయాడు కాబట్టి ఇంట్లో అడిగేవాళ్ళూ చెప్పేవాళ్ళూ వాళ్ళిద్దరే. పిచ్చుక అడగలేదు, తల్లి చెప్పలేదు.

ఎండలు ఇంకా మొదలవని రోజులు. బడి తెరవడం మాట అలా ఉంచండి, పరీక్షలే ఇంకా రాలేదు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి సంచీ ఓ మూలకి విసిరేసిన పిచ్చుకతో తల్లి అంది:

"స్కర్టు మార్చుకుని ఇటివ్వు. విప్పుతాను."

పిచ్చుక నమ్మలేదు. "నిజంగా? ఒకటా?"

"మూడూ."

ఇంక చూడాలి దాని సంబరం! కాళ్ళు నేల మీద ఆనలేదు. పాత గౌనొకటి తగిలించుకుని స్కర్టు తెచ్చి తల్లి ఒళ్ళో పడేసింది. స్టవ్ మీద టీ పెట్టింది. కబుర్లపోగు మొహం ఎలా మాడిపోతుందో తలుచుకుని తనలో తనే నవ్వుకుంది. తల్లి కుట్టు కింద బ్లేడు మొన పెట్టి ఒక్కొక్క పోగే తెంపింది. మడత విచ్చుకుంది. ఇస్త్రీపెట్టె ఒకసారి ఆనించి, "ముందు ఇది వేసుకో, తర్వాత మిగతావి చూద్దాం" అంది.

వేసుకుంది. టీ కప్పులో పోసి ఇద్దరూ కూర్చున్నారు. ఆవిరి తగ్గేసరికి పిచ్చుకకి పదహారు. మోచేతులు సాగాయి, మొహంలో గుండ్రదనం కాస్త తగ్గింది. లేచి గిర్రున తిరిగి "ఎలా ఉన్నానే అమ్మా?" అంది.

టైలర్లు మనిషిని చూడటమే వేరు. ముందు భుజాలు చూస్తారు, తర్వాత నడుము, తర్వాత పొడుగు. మొహం దాకా రారు. టైలరమ్మ కూతురినైనా అలాగే చూసేది. ఆ రోజు మాత్రం భుజాలు చూడలేదు, నడుము చూడలేదు. మొహంలోకే చూస్తూ ఉండిపోయింది, కప్పు అలాగే చేతిలో పట్టుకుని.

పిచ్చుక వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఒప్పుకోని మనిషి ఇవాళ అడక్కుండానే ఎందుకు విప్పింది?

"అమ్మా, డాక్టరు ఏమన్నాడు?"

టైలరమ్మ కప్పు కింద పెట్టింది. "వానలు పడేదాకా పరవాలేదన్నాడు. తర్వాత సంగతి చెప్పలేనన్నాడు."

పిచ్చుక స్కర్టు అంచుని రెండు గుప్పిళ్ళతో పట్టుకుంది. "వద్దు. నాకు పెద్దదాన్ని అవ్వాలని లేదు. మళ్ళీ కుట్టెయ్."

"విప్పినదాన్ని కుట్టినా వెనక్కి రాదే. తెలుసుగా."

"అయితే ఈ రెండూ విప్పకు. నేనిలాగే ఉంటాను. నువ్వు కూడా ఉండు."

"నా రోజులు నీ మడతల్లో లేవమ్మా. ఉంటే ఆరు కాదు, అరవై కుట్టేదాన్ని." టైలరమ్మ కూతురి జుట్టు చెవి వెనక్కి తోసింది. "నువ్వు పెద్దయ్యాక ఎలా ఉంటావో నాకు చూడాలనుంది. అదొక్కటే. ఇంకా ఉంది. చిన్నపిల్లవైతే ఎవరో వచ్చి తీసుకెళ్తారు, ఎవరింట్లోనో పెరుగుతావు. పద్దెనిమిది నిండితే ఈ కొట్టు తాళం నీ చేతికిస్తారు. కానీ బలవంతం లేదు. పదహారూ పదిహేడూ నీవి. వద్దంటే నాకేం కోపం రాదు."

బ్లేడు మిషన్ బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పిచ్చుక ఏడ్చింది. ముక్కు చీదుకుంటూ, స్కర్టుకే తుడుచుకుంటూ చాలాసేపు ఏడ్చింది. బయట బడి వదిలిన పిల్లల అరుపులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. తర్వాత స్కర్టు విప్పి, గౌను తగిలించుకుని, బ్లేడు తనే తీసుకుంది. ఎన్నేళ్ళుగానో తల్లి చెయ్యి చూస్తూ నేర్చుకున్న పనే. ఒక్కొక్క పోగే తెంపింది. ఆ మడతల్లో ఏమేం ఉన్నాయో దానికి తెలీదు. కబుర్లపోగుతో ఎన్ని కబుర్లు, ఎన్ని అలకలు, తల్లి చేత ఎన్ని తిట్లు, ఎవరైనా తనని చూసి ఒకసారి వెనక్కి తిరిగి నవ్వడమో ఏమో. ఇంకెప్పటికీ తెలీదు.

స్కర్టు మళ్ళీ వేసుకుని కూర్చుంది. రెండో కప్పు టీ చల్లారింది. పిచ్చుక లేచి నిలబడింది.

"నడువు. గుమ్మం దాకా వెళ్ళి ఇటు రా," అంది తల్లి.

నడిచింది. మళ్ళీ నడవమంటే మళ్ళీ నడిచింది.

"అచ్చం మీ నాన్న నడకే. పాదం కొంచెం బయటికి వేస్తావు." టైలరమ్మ నవ్వబోయి పక్కటెముకలు పట్టుకుంది. "నాకంటే పొడుగయ్యావు కదే! ఇక నిన్ను కొట్టాలంటే స్టూలెక్కాలి."

"ఎక్కు. నేనే తెచ్చి పెడతాను," అంది పిచ్చుక. ఆ గొంతు తనది కాదేమో అనిపించి తనే ఉలిక్కిపడింది. స్కర్టు అంచున మూడు పట్టీలూ ఒకే ముదురు నీలంలో, ఒక్క రోజు ఎండ కూడా తగలనట్టు మెరుస్తున్నాయి.

మర్నాడు టైలరమ్మ మెడలోని టేపు తీసి కూతురి కొలతలు తీసుకుంది. పెద్దవాళ్ళ పొడుగు గౌను కుడతానంది. భుజం, ఛాతీ, నడుము, పొడుగు అంటూ తనే అంకెలు చెప్పుకుని తనే రాసుకుంది. పెద్దవాళ్ళ బట్టలకి మడతలు పెట్టరు, కొలతకి సరిగ్గా కత్తిరిస్తారు. రోజుకి కాసేపు కుట్టేది, అలిసిపోతే పడుకునేది. చేతులు పూర్తయ్యాయి, మెడ పూర్తయింది. అంచు మిగిలింది. వానలు పడేదాకా అన్నాడు గానీ డాక్టరు, అంతదాకా కూడా ఆగలేదు. మొదటి చినుకుకి పది రోజుల ముందే టైలరమ్మ పోయింది.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక కబుర్లపోగు ఒక్కతే గుమ్మంలో నిలబడింది. అదే బెంచీ పిల్ల, పదిహేనేళ్ళది. లోపల మిషన్ దగ్గర కూర్చున్న మనిషిని చూసి చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, "మీరు... ఏమైనా తిన్నారా?" అంది.

అన్నాక నాలిక్కరుచుకుంది. "తిన్నావా" అని సరిచేసుకుంది. కానీ అనేసిందిగా. పిచ్చుక "తిన్నానమ్మా" అంది. ఆ "అమ్మా" తన నోట్లోంచి ఎప్పుడొచ్చిందో తనకే తెలీలేదు. తల్లి పోయిన రోజు కంటే ఆ సాయంత్రమే ఎక్కువ ఏడ్చింది పిచ్చుక.

గౌను అంచు కుడదామని మర్నాడు బట్ట పరిచింది. అంచున సుద్దతో గీసిన గీతలు రెండున్నాయి. ఒకటి కొలతకి సరిగ్గా ఉంది. దాని కింద అర అంగుళం వదిలి ఇంకొకటి. తల్లి గీత ఎప్పుడూ తప్పదు. కత్తిరించేదైతే ఒకటే గీసేది, మడిచేదైతేనే రెండు గీసేది. పిచ్చుక కత్తెర చేతిలో పట్టుకుని ఆ రెండు గీతల్నీ చూస్తూ కూర్చుంది. చివరికి కత్తెర పక్కన పెట్టి, అర అంగుళం లోపలికి మడిచి, సన్నగా చేతికుట్టు వేసింది.

మూడేళ్ళు తిరిగాక కబుర్లపోగు చివరి మడతని పిచ్చుకే విప్పింది. "రైలెప్పుడే?" అంది కబుర్లపోగు, పాత గొంతుతోనే. బడి తెరిచే వారం. గుమ్మం ముందు ఇరవై మంది తల్లులు. "ఈ రద్దీ తగ్గాక" అంది పిచ్చుక. తగ్గేసరికి కబుర్లపోగుకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. సముద్రం చూసిందట. కిటికీ పక్కనే కూర్చున్నానని ఉత్తరం రాసింది.

ఇప్పుడామెని పిచ్చుక అనేవాళ్ళెవరూ లేరు. టైలరమ్మ అంటారు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఆ గౌను వెలిసి ఏ రంగో తెలియకుండా పోయినా పారెయ్యదు, నెలకోసారైనా వేసుకుంటుంది. అంచు విప్పలేదు. అందుకేనేమో, మొదటి చినుకు పడగానే అంత పెద్ద మనిషీ మిషన్ వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తి చెయ్యి చాపుతుంది. వీధిలోవాళ్ళు చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మొన్నొక పిల్ల స్కర్టు పట్టుకుని వచ్చింది. బడి తెరవడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి.

"టైలరమ్మా, ఇంకా మూడున్నాయి. ఒక్కటి విప్పవా? నీకు పుణ్యముంటుంది. మా క్లాసులో అందరికంటే నేనే పొట్టి."

ఆమె మిషన్ ఆపింది. ఆ రోజు ఒంటి మీద ఆ గౌనే ఉంది. బల్ల కింద దాని అంచుని వేళ్ళతో పట్టుకుని అడిగింది:

"నువ్వే వచ్చావా? మీ అమ్మ పంపిందా?"

"నేనే వచ్చాను. అమ్మకి తెలిస్తే చంపేస్తుంది."

"మీ అమ్మ ఒంట్లో బాగానే ఉందా?"

"మా అమ్మకేం! పొద్దున్నే చీపురు తిరగేసి నా వెంటబడింది."

టైలరమ్మ ఊపిరి వదిలింది. స్కర్టు మడిచి, పిల్ల చేతిలో పెట్టింది.

"అయితే నీకేం తొందర లేదు. ఇంటికి పో."

పిల్ల గొణుక్కుంటూ, చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగింది. టైలరమ్మ లేచి గుమ్మంలోకి వచ్చి, అది మలుపు తిరిగేదాకా దాని నడక చూస్తూ నిలబడింది.