గేటు బయట

వార్డెన్ మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి గువ్వ పెరట్లో అంట్లు తోముతోంది. ఆ వేళకి ఆసుపత్రిలో, నర్సు శిక్షణకి ఇంటర్వ్యూలో కూర్చుని ఉండాల్సిన పిల్ల.

వార్డెన్ పనిచేసే అనాథ బాలికల హాస్టల్లోనే పెరిగింది గువ్వ. పద్దెనిమిది నిండగానే, నియమం ప్రకారం, సంచీ చేతికిచ్చి గేటు బయట నిలబెట్టారు. ఆ పిల్ల జ్వరాలకి రాత్రుళ్ళు మేలుకుని పెంచిన ప్రాణం ఊరుకోక వార్డెన్ ఇంటికి తెచ్చుకుంది. 'దిక్కులేని పిల్ల, పడుంటుందిలే' అని అత్తగారు ఇట్టే ఒప్పుకుంటే ఆవిడ మనసు మెత్తబడిందని మురిసిపోయింది కూడా. మర్నాడే పనిమనిషిని మాన్పించారు. అప్పటికైనా కళ్ళు తెరుచుకోలేదు.

ఇంటర్వ్యూ ఏమైందని అడిగితే గువ్వ తలెత్తలేదు.

"చుట్టాలొస్తున్నారట అక్కా. ఇంకోసారి వెళ్దువులే అన్నారు మీ అత్తగారు."

ఏడవలేదు. ఏడిస్తే ఎక్కడ పొమ్మంటారోనన్న భయం. ఆ భయం వార్డెన్‌కి కొత్తది కాదు. పెళ్ళైన కొత్తలో ఆడపడుచు పిల్లలతో వచ్చిందని తన డిగ్రీ చివరి పరీక్ష మాన్పించారు. 'పరీక్షలు ఎక్కడికి పోతాయి?' అన్నాడు భర్త. పోనే పోయాయి. ఆ తరవాత ఉద్యోగం చేసొచ్చి వంట, వంట చేసి ఉద్యోగం. గానుగెద్దుకైనా పొద్దుగూకితే కట్టు విప్పుతారు. ఇన్నేళ్ళూ దానికి సర్దుకుపోవడమని పేరు పెట్టుకుంది. తనని నంజుకు తిన్న ఇంటికే ఇంకో పిల్లని స్వయంగా చెయ్యి పట్టుకుని తెచ్చానని తట్టగానే ఒళ్ళు భగ్గుమంది.

వసారాలో ఉన్న భర్తని నిలదీస్తే పేపర్లోంచి తల ఎత్తాడు. "తిండి పెడుతున్నాం, నీడ ఇచ్చాం. ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

"నాకూ అందుకేనా ఇచ్చింది?"

అతను పేజీ తిప్పాడు.

ఆమె సగం తోమిన గిన్నెలు అక్కడే వదిలేయించి గువ్వని సంచీతో సహా ఆసుపత్రికి లాక్కెళ్ళింది. హెడ్ నర్సు ఆలస్యానికి నాలుగు చీవాట్లు పెట్టినా, ఆఖర్న పిలిచి, మాట్లాడి, చేర్చుకుంది. శిక్షణ కాలంలో ఉండడానికి గదికి మాత్రం ఎవరి పాట్లు వాళ్ళు పడాల్సిందే.

రెండిళ్ళవాళ్ళు ఒంటరి ఆడపిల్లకి గది ఇవ్వలేమన్నారు. మూడో ఇంటావిడ గువ్వని ఎగాదిగా చూసి, వెనక పెద్దదిక్కు ఎవరూ లేరా అని అడిగింది. గువ్వ సంచీ మరో చేతికి మార్చుకుంది.

"నేనున్నాను," అంది వార్డెన్.

"అంటే, అప్పుడప్పుడూ వచ్చి చూసి పోతుంటారా?"

"లేదండీ, పోను. నేనూ ఇక్కడే ఉంటాను. నాకూ ఇల్లు లేదు."