వేడెక్కిన ఇంజన్

కొన్నాళ్ళుగా ఆ ఇంట్లో ఏ సంగతి ఎత్తినా చివరికి "ఆపరేటర్ గారు చెప్పారు" అన్న మాట దగ్గరే తేలుతోంది. ఆ మాట చెవిన పడితే చాలు, దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కేది. భార్య వడ్డిస్తూ అదే మాట, జడ వేసుకుంటూ అదే మాట. నిన్న పక్క మీద వాలాక కూడా, "బండి చెయిన్‌కి నిండా కవరుండాలట. లేకపోతే బురద పట్టేసి పాడైపోతుందట. ఆపరేటర్ గారు చెప్పారు" అని గోడవైపు తిరిగి హాయిగా నిద్రపోయింది. మొగుడు మాత్రం కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

ఆమె ఊరికి నీళ్ళిచ్చే కేంద్రంలో, ల్యాబులో పనిచేస్తుంది. ఏటినుంచి తోడిన నీళ్ళని గాజు గ్లాసుల్లో పోసి, బురద ఎంతుందో చూసి, ఎంత పటిక కలపాలో చెప్పడం ఆమె పని. ఎండాకాలంలో పెద్ద పనుండదు. వాన పడిందంటే ఏరు ఎర్రబడుతుంది, మళ్ళీ మళ్ళీ పరీక్ష చెయ్యాలి. అంటే ఊరందరూ ముసుగుతన్ని పడుకునే రోజునే ఆమె తప్పనిసరిగా పనిలో ఉండాలి. ఆ ఆపరేటర్ అక్కడే పంపులు చూసుకుంటాడు. దర్జీ అతన్ని ఎన్నడూ చూడలేదు. చూడలేదు కాబట్టి, మనసులోనే తనకు తోచిన కొలతలు తీసుకుని, అతనికి వెడల్పాటి భుజాలూ, మెలితిప్పిన మీసమూ, ఒత్తైన జుట్టూ కుట్టి పెట్టుకున్నాడు.

పొద్దుటి షిఫ్టు వేళకి అటు బస్సులుండవు. ఇన్నాళ్ళూ ఆమెను దింపి వచ్చేది దర్జీయే. అతని స్కూటరు ఎండలో గుర్రం, వానలో గాడిద. నాలుగు చినుకులకే దగ్గుతుంది, రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే ఏకంగా ఆగిపోతుంది. పోయిన వానకి ఏటి చప్టా మధ్యలో అలాగే ఆగిపోతే, ఆమె మోకాళ్ళ లోతు నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళింది. ఆమె వెళ్ళేలోపు పటిక పాళ్ళు చెప్పే దిక్కులేక ఊళ్ళో సగం కుళాయిలకి టీ రంగు నీళ్ళొచ్చాయి. ఇంకోసారి ఇలా అయితే ల్యాబులోంచి తీసి స్టోర్ రూములో పడేస్తామని పై అధికారి మొహం మీదే చెప్పాడు. ఆ గ్లాసులన్నా ఆ పరీక్షలన్నా ఆమెకు ప్రాణం. పెళ్ళికి ముందు నాన్న బండి నడిపిన ధైర్యం ఎలాగూ ఉంది. తనకో పాత మోటార్‌సైకిల్ కొనుక్కోవాలని తీర్మానించుకుంది. తక్కువలో రావాలి, ఎండకీ వానకీ ఒకేలా నడవాలి, దారి మధ్యలో మొరాయించకూడదు.

"మంచిదే," అన్నాడు దర్జీ. పైకి అన్నాడు. లోపల గుండెలో రాయి పడింది.

పగలంతా దుకాణంలో మిషను చప్పుడూ, వచ్చేపోయే జనమూ. ఇంటికి చేరాక ఇద్దరూ అలసిపోయి ఉంటారు. మిగిలిందల్లా ఆ పొద్దుటి ప్రయాణం. వెనక కూర్చుని అతని కుడి భుజం మీద చెయ్యి వేసి, ఆమె దారిపొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. అతని చొక్కాలన్నిటికీ ఆ భుజమే ముందు పలచబడుతుంది. ఊరందరి బట్టలకీ అతుకులు వేసే మనిషి అక్కడ మాత్రం లోపల ఇంకో పొర వేసుకోడు. వేసుకుంటే ఆమె చెయ్యి సరిగ్గా తెలియదని. బండి కొంటే ఆ చెయ్యి హ్యాండిల్ మీదికి పోతుంది. అదీ అతని బాధ. ఈ ముక్క భార్యతో చెప్పుకుంటే సరిపోయేది. చెప్పడానికి నామోషీ. పరాయి మగాడి పేరు వింటూ పళ్ళు నూరుకోవడానికి మాత్రం ఏ నామోషీ లేదు మహానుభావుడికి.

సెలవు రోజుల్లో ఇద్దరూ బండ్లు చూడటానికి తిరిగారు. ఆమె ఏది బాగుందన్నా అతను వంక పెట్టాడు. ఒకదానికి సీటు ఎత్తన్నాడు. ఇంకోదాని రంగు కళ్ళల్లో గుచ్చుకుంటోందన్నాడు. ఒక బండికైతే ఎంత వెతికినా వంక దొరక్క, "దీని హారను ఏడుస్తున్నట్టుంది" అన్నాడు.

"హారన్‌తో నాకేం పనండీ?" ఆమె నవ్వింది. "అసలు అందమే చూడొద్దన్నారు ఆపరేటర్ గారు. తళతళా మెరుస్తోందంటే నిన్ననే తుడిచారని అర్థమట. ఏ సందులో ఆగిపోయినా సామాను దొరికే బండి చూసుకోమన్నారు."

"ఊపిరి ఎలా పీల్చుకోవాలో చెప్పలేదా మీ పంపాయన?"

"అది చెప్పలేదు గానీ, ఇంకోటి గట్టిగా చెప్పారు." వెటకారం ఆమెకు తగల్లేదో, తగిలినా దులిపేసుకుందో. "వెళ్ళగానే ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడాలట. చల్లటి ఇంజన్ ఒక్క తన్నుకి లేచిందంటే, ఎంత వానలోనైనా లేస్తుంది. వేడిగా ఉందంటే మాత్రం, మనం వచ్చేముందే తన్ని తన్ని లేపి ఉంచారన్నమాట. ఇంకేం చూడకుండా వచ్చెయ్యడమే. 'ఇప్పుడే ఎవరో తిప్పి వెళ్ళారండీ' అని ఓ కథ చెప్తారట. అస్సలు నమ్మొద్దన్నారు."

ఆ మాట దర్జీ బుర్రలో అలాగే ఉండిపోయింది.

ఆ వారమే అసలైన బండి తగిలింది. రిటైరైన డ్రిల్లు మాస్టారొకాయన మోకాళ్ళ నొప్పులు భరించలేక తన బండి అమ్మేస్తున్నారు. పాత మోడలు, మాసిన నలుపు రంగు, చెయిన్‌కి నిండా కవరు, నీళ్ళకి అందనంత ఎత్తులో సైలెన్సరు. ధర కూడా అందుబాటులోనే ఉంది. ఫోనులో ఆ వివరాలు వింటుంటేనే భార్య మొహం వెలిగిపోయింది. అది చూసి దర్జీ మొహం మాడిపోయింది. తను కుట్టిచ్చిన ఏ బట్టకీ ఆమె మొహం అంత వెలిగిన గుర్తు లేదు.

"సాయంత్రం డ్యూటీ దిగి బస్సులో నేరుగా అక్కడికే వెళ్తాను. మీరూ వచ్చెయ్యండి," అంది.

"అర్జెంటు పనొకటి ఉంది. కొంచెం వెనకా ముందూ అవుతుంది," అన్నాడు. వెనక కాలేదు, ముందే అయింది.

మాస్టారు పాపం ఏ అనుమానమూ లేకుండా తాళం చేతిలో పెట్టారు. వీధంతా నీటిగుంటలు. దర్జీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బండి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. ఒక్క తన్ను తన్నాడు. లేచింది. అప్పుడైనా ఆ మనిషికి బుద్ధి రావలసింది. రాలేదు సరికదా, బండి ఎంత చక్కగా నడుస్తుంటే అంతగా కడుపు మండింది. ఆ వీధిలోకీ ఈ వీధిలోకీ గిరగిరా తిప్పాడు. తెచ్చి ఆపుతుంటే కాలు జారి పిక్క సైలెన్సరుకి తగిలి చురుక్కుమంది. "నచ్చలేదు మాస్టారూ" అని తాళం ఇచ్చేసి, కుంటుకుంటూ పోయి వీధి చివర టీ కొట్టు వెనక నక్కాడు.

కాసేపటికి భార్య వచ్చింది. వంగి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేసుకుంది. మాస్టారు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నారు. ఏం చెబుతున్నారో దర్జీకి వినబడకపోయినా తెలుసు. ఆమె అంతా తెలిసిన దానిలా నవ్వి, తల అడ్డంగా ఊపింది. నిజం చెప్పిన పెద్దమనిషి అబద్ధాలకోరై అక్కడే నిలబడిపోయాడు.

దర్జీ అప్పుడే వచ్చినట్టు స్కూటరు తెచ్చి ఆపాడు. "అప్పుడే చూసేశావా?"

"ఇంజన్ కాలిపోతోందండీ. చూస్తే ఎంతో మంచాయనలా ఉన్నాడు. మనుషుల్ని నమ్మకూడదు," అని ఎక్కి కూర్చుంది.

చెయ్యి వచ్చి కుడి భుజం మీద వాలింది. కోరుకున్నది దక్కింది. అయితే దారిపొడుగునా ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. పిక్క మాత్రం భగభగా మండుతూనే ఉంది.

ఇంటికొచ్చాక ఆమే చూసింది. "కాలికేమైంది?"

"ఇస్త్రీపెట్టె తగిలింది."

"పిక్కకా? ఇస్త్రీ బల్ల కింద దూరి చేస్తున్నారేంటి?" అంటూనే మందు రాసింది. అతను తేలు కుట్టిన దొంగలా రాయించుకున్నాడు.

తర్వాత ముసురు పట్టుకుంది. ఒక సాయంత్రం ఆమె వచ్చి, చెప్పులైనా విప్పకుండా కూలబడింది. "ఆపరేటర్ గారు ఆ మాస్టారి బండి కొనేశారండీ. ఇంజన్ వేడి తప్ప అన్నీ బాగున్నాయని నేనంటే ఆయనకేదో అనుమానమొచ్చిందట. చెప్పాపెట్టకుండా పొద్దున్నే వెళ్ళి చూస్తే చల్లగా ఉందట, ఒక్క తన్నుకి లేచిందట. 'మీరు వద్దన్నారు కదా, నాది పాతబడిపోయింది, నేను తీసుకోనా' అని అడిగారు. తీసుకోండన్నాను. నా చేతిదాకా వచ్చిన బండి అది."

దర్జీ గబగబా వెళ్ళి కాళ్ళకి నీళ్ళు తెచ్చి పెట్టాడు.

మర్నాడు పొద్దున్న కుండపోత. స్కూటరు ఎంత తన్నినా కిక్కురుమనలేదు. ఆమె గడియారం చూసుకుని, అతని వైపైనా చూడకుండా ఫోను తీసింది. గేటు దగ్గరికి ఆపరేటర్ బండి రావడం, ఆమె గొడుగు ముడుచుకుని ఎక్కడం, నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళిపోవడం అన్నీ క్షణాల్లో అయిపోయాయి. పగలంతా దర్జీ కుట్టిన ప్రతి కుట్టూ వంకరపోయింది. సాయంత్రం దుకాణం తొందరగా కట్టేసి, గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

బండి నీళ్ళని చీల్చుకుంటూ వచ్చింది. అతని చూపు ముందు ఆమె చేతుల మీదికే పోయింది. రెండు చేతులూ వెనక్కి ఉన్నాయి, సీటు వెనక రాడ్డు పట్టుకుని. మళ్ళీ చూశాడు. రాడ్డే.

ఆపరేటర్ రెయిన్‌కోటు టోపీ వెనక్కి తోశాడు. బట్టతల. ఇరుకు భుజాలు, అందులో ఒకటి కొంచెం కిందికి. దర్జీ మనసులో కుట్టిన కోటు ఒక్కచోటా సరిపోలేదు. అందుకు సంతోషించాలి కదా? ఇంకా మండింది. అందగాడైతే అందాన్ని తిట్టుకోవచ్చు. ఈ మనిషి దగ్గర ఉన్నది మాట ఒక్కటే, ఆ మాట మీదే ఆమెకు గురి.

"నమస్కారమండీ," అన్నాడు ఆపరేటర్, నోరంతా తెరిచి నవ్వుతూ. "భలే బండి వదులుకున్నారు. ఆ రోజు ఎవడో వచ్చి అదేపనిగా తిప్పి తిప్పి, పిక్క కాల్చుకుని, నచ్చలేదని పోయాడట. మాస్టారు ఇప్పటికీ వాణ్ణి తిడుతూనే ఉన్నారు." చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

ఆమె వానలోనే నిలబడిపోయి, మొగుడి కాళ్ళ వైపు చూసింది. అతను తనకు తెలియకుండానే ఒక కాలు ఇంకో కాలి వెనకకు జరుపుకున్నాడు. ఇంక చెప్పడానికేముంది?

లోపలికి వెళ్ళాక తల తుడుచుకుంటూ, "ఎందుకు చేశారు?" అంది.

"నువ్వు బండి కొంటే... పొద్దున్న నా వెనక ఎవరు కూర్చుంటారు?"

"ఆ ముక్క నోరు తెరిచి అనడానికేం రోగం మీకు?" తువ్వాలు విసిరికొట్టింది. "ల్యాబు పని పోయాక నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఎక్కడికి తిప్పుదామనుకున్నారు? ఆ పెద్దాయన నిజం చెప్తుంటే నేను మొహం మీదే నవ్వి వచ్చాను, తెలుసా? సరే, బండి దొరికేదాకా ఆపరేటర్ గారితోనే వెళ్తాను. మీ స్కూటరు వానలో రాదుగా."

అన్నట్టే వెళ్ళింది. రోజూ పొద్దున్నే గేటు బయట హారను. రోజూ దర్జీ కిటికీలోంచి రాడ్డు మీద చేతుల్ని చూసుకోవడం. ఒక రోజు ఆమె వెళ్తూ వెళ్తూ దేనికో పకపకా నవ్వింది. ఆ నవ్వు తన వెనక వినబడాల్సిన నవ్వు. అది విన్నాక అతను దుకాణానికి తాళం వేసి, ఊరి మీద పడ్డాడు. ఇన్నాళ్ళూ బండి దొరక్కూడదని పడ్డ పాట్లకు రెట్టింపు, దొరకాలని పడ్డాడు. కనబడిన ప్రతి ఇంజన్ మీదా చెయ్యి పెట్టి చూశాడు. అమ్మకానికి లేని బండ్లని కూడా తడిమి ఇద్దరు ముగ్గురితో తిట్లు తిన్నాడు. చివరికి డ్రిల్లు మాస్టారి గుమ్మం ఎక్కి, జరిగిందంతా చెప్పి తల వంచుకున్నాడు. మాస్టారు నోరారా తిట్టారు. అలిసిపోయాక కాస్త చల్లబడి, "నా శిష్యుడొకడు కంపౌండరు. ఇల్లు మారుతూ బండి అమ్మేస్తున్నాడు. నా బండికి తోడబుట్టినట్టుంటుంది. ఈసారైనా దాని జోలికి పోకు," అన్నారు.

కంపౌండరు ఇంటి ముందు సన్నగా తుంపర పడుతోంది. "మీరు గేటు దగ్గరే నిలబడండి. చేతులు వెనక్కి పెట్టుకోండి," అంది భార్య. పెట్టుకున్నాడు. ఆమె వెళ్ళి ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు ఉంచింది. చల్లగానే ఉన్నట్టుంది. ఒక్క తన్నుకి లేచింది. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి అతని ముందు ఆపింది. మొహం వెలిగిపోతోంది. ఈసారి అతను తల తిప్పుకోలేదు.

"ఎక్కండి."

"నేనా?"

"వెనక మనిషుంటే ఎలా లాగుతుందో చూడాలిగా. ఆపరేటర్ గారు చెప్పారు."

కడుపులో ఒక్క క్షణం పాత మంట రేగింది. దాన్ని అలాగే మింగి ఎక్కి కూర్చున్నాడు. వెనక కూర్చోవడం అలవాటు లేని మనిషి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, తడుముకుని సీటు వెనక రాడ్డు పట్టుకున్నాడు.

"అక్కడ కాదు," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. "అది పరాయివాళ్ళకి."

అతను చెయ్యి తీసి ఆమె కుడి భుజం మీద పెట్టాడు. బండి కదిలింది.