చెరిపేసిన గొంతులు

పోశవ్వ శవాన్ని దవాఖాన గేటు దాటించేసరికి ఆమె తలమీద జుట్టు లేదు. నడుము దాకా ఉండే జుట్టును లోపలే కత్తిరించేశారు. ముక్కుపుడక తీసేశారు. చీర విప్పి తెల్ల చొక్కా తొడిగి పంచె కట్టారు. ఎన్నడో ఇంట్లోంచి తన్ని తరిమిన అన్నదమ్ములే ఆ రోజు రక్తసంబంధం చెప్పుకొని శవాన్ని తీసుకుపోతున్నారు. ఇన్నేళ్లూ ఆమెతో కలిసి వండుకు తిన్న హిజ్రాలను మాత్రం పాడె దగ్గరికి రానివ్వలేదు.

"ఒక్కసారి మొఖం సూడనియ్యిండ్రి అన్నా," అని లింగవ్వ చేతులు జోడించింది. పోశవ్వను బిడ్డలా సాకింది ఆమే. గోదావరిఖని హిజ్రాలందరికీ ఆమె పెద్దదిక్కు.

"ఎవని మొఖం? మా తమ్మునిదా? మీరెవలు సూడనీకె? జరుగుండ్రి!"

గోదావరి ఒడ్డున చితి అంటించేముందు చనిపోయిన మనిషి పేరు అడిగితే, తల్లిదండ్రులు పెట్టిన మగపేరు చెప్పారు. జాతరలో బోనమెత్తి అందరికంటే ముందు నడిచిన పోశవ్వ, బొగ్గుబాయి గేటు ముందు సమ్మె టెంటులో అంబలి పోసిన పోశవ్వ, పోశవ్వగా ఎన్నడూ బతకనే లేదన్నట్టు కాలిపోయింది.

ఆ సాయంత్రం ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట కింద, వాళ్లు అద్దెకుండే రేకుల ఇళ్ల ముందు అందరూ కూర్చున్నారు. పొయ్యి ఎవరూ వెలిగించలేదు. మొదట మాట్లాడింది దీప. దీప వాళ్లలో చిన్నది. డిగ్రీ సగంలో ఆపేసి, మంచిర్యాలలో హక్కుల సంఘంతో కొన్నాళ్లు తిరిగి వచ్చింది.

"మన ముచ్చట మనమే చెప్పి ఫోన్ల రికార్డు చేసుకుందాం. ఏ ఊర్ల పుట్టినం, ఎవలు కొట్టిండ్రు, ఎవలు అన్నం పెట్టిండ్రు, ఎవలను పానమోలె సూసుకున్నం, అంతా. రేపు మన పీనుగకు అంగీ తొడుగుతరు గావచ్చు. మన గొంతుకు తొడగలేరు గదా!"

"చెప్పి ఏం జేస్తవే?" లింగవ్వ కసురుకుంది. "ఎవలింటరు? నవ్వుతరు. ఆ ముచ్చట్లు పట్టుకొని మనలనే బెదిరిస్తరు."

"చెప్పకుంటే బెదిరిస్తలేరా? పోశవ్వ ఎన్నడన్న చెప్పిందా? ఏం మిగిలింది?"

మాట మీద మాట పెరిగింది. ఒకరు ఏడ్చారు. ఒకరు లేచి వెళ్లిపోబోయారు. అప్పుడు గోడకు ఆనుకుని దగ్గుతున్న సారలమ్మ చెయ్యెత్తింది. బొగ్గుదుమ్ము ఆమె ఊపిరితిత్తుల్ని తినేసింది. మాట్లాడాలంటే మధ్యమధ్య ఆగి గాలి పీల్చుకోవాలి.

"నాకు దినాలు లేవు లింగవ్వా. నోరుండంగనే చెప్పనీ."

ఆ మాటకు లింగవ్వ తల వంచింది. కాని ఒక షరతు పెట్టింది. గొంతులు దీప ఫోన్లోనే ఉండాలి. ఇంకో ఫోన్లోకి ఎక్కకూడదు. బయటికి పోకూడదు. అందరూ ఒప్పుకున్నాకే లోకానికి వినిపించాలి. దీప ఆ షరతు వద్దని వాదించింది. ఒక్క ఫోన్ పోతే అంతా పోతుందని చెప్పింది. కాని అందరి భయం ముందు ఆమె మాట నిలవలేదు.

సారలమ్మ చెప్పింది. తను పుట్టిన పల్లె ఇప్పుడు ఓపెన్‌కాస్టు గొయ్యిలో ఉందని చెప్పింది. చీర కట్టినందుకు తండ్రి ఎడ్లకొట్టంలో కట్టేశాడనీ, తాడు విప్పింది నాయనమ్మేననీ చెప్పింది. మేడారం జాతరకు పోయే జనంలో కలిసి నడిచి, అక్కడ వాగులో మునిగి లేచి, తన పేరు తానే పెట్టుకుందట. నక్సలైట్ అన్నలకు అన్నం పెట్టినవా అంటూ పోలీసులు అరికాళ్లు పగలగొట్టిన రోజుల గురించి చెబుతూ చెబుతూ నవ్వింది. "పెట్టిన. ఆకలైనోనికి పెట్టిన. పోలీసోడు అడిగినా పెడుదును," అంది. దీప కూడా నవ్వి, ఆ వెంటనే ఏడ్చింది.

ఆ వారం తిరక్కుండానే సారలమ్మ చనిపోయింది. ఆమె కోసం ఇంటివాళ్లు ఎవరూ రాలేదు. కట్టిన చీరతోనే, పెట్టుకున్న పేరుతోనే మట్టి చేశారు. తర్వాత లింగవ్వ దీప ఫోన్ అడిగి తీసుకుని, సారలమ్మ గొంతును చెవికి ఆనించుకుని కూర్చునేది. ఇక చెప్పొద్దని ఎవరినీ కసరలేదు. షరతు మాత్రం అలాగే ఉంది. ఒకరి తర్వాత ఒకరు చెప్పసాగారు.

ఈ రికార్డింగు సంగతి చెవిన పడి, ఒక మధ్యాహ్నం కూరగాయల సంచి చేతబట్టుకుని సదయ్య వచ్చాడు. బాయిలో టబ్బు బండ్లలోకి బొగ్గు ఎత్తే కోల్ ఫిల్లరుగా పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు జైపాల్, బొగ్గు కంపెనీ కాలనీలు ఊడ్చే కార్మికులను పెట్టే కాంట్రాక్టరు. ఈసారి కార్పొరేటరుగా నిలబడతానని చౌరస్తా నిండా ఫ్లెక్సీలు కట్టించుకున్నాడు.

"గిది మీ ఒక్కలకేనా? నా అసుంటోడు చెప్పచ్చునా?" అని సదయ్య గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

దీప చాప వేసింది.

"రఘుపతి, నేను జోడి. ఇద్దరం కల్సి టబ్బు నింపేటోళ్లం. పైకొచ్చినంక ఆయనకు పెండ్లాం ఉన్నది, నాకు పెండ్లాం ఉన్నది. బాయిలకు దిగినంక ఆయనకు నేను, నాకు ఆయన. మేం దానికి పేరు పెట్టలే. ఒకనాడు కప్పు కూలింది. బండ కిందికెల్లి ఆయనను గుంజింది నేనే." సదయ్య చేతులవైపు చూసుకున్నాడు. "ఆయన పెండ్లాం గాజులు పగలగొట్టిండ్రు. నలుగురు పట్టుకొని ఏడ్చిండ్రు. నాకు గాజులు లేకపాయె. నన్ను పట్టుకునేటోడు లేకపాయె. మర్నాడు మల్ల అదే బాయిల డ్యూటీకి దిగిన బిడ్డా."

ఆయన అక్కడికి వెళ్లడం ఎవరో చూశారు. ఇంటికి వెళ్లగానే జైపాల్ నిలదీశాడు. సదయ్య అబద్ధం చెప్పలేదు. కొడుకు ఆయనను గదిలో వేసి తాళం పెట్టాడు. హిజ్రాలు ముసలివాళ్లను పిలిచి రికార్డు చేసి బ్లాక్‌మెయిల్ చేస్తున్నారని ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాడు.

పట్టపగలే జీపు వచ్చింది. దీపను జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. అడ్డం పడ్డ లింగవ్వను నెట్టేస్తే నుదురు చిట్లింది. పక్క గల్లీలో ఉండే అనసూర్య అదంతా చూసింది. జైపాల్ కింద రోడ్లూడ్చే ఆడవాళ్లకు ఆమే ముందుండి మాట్లాడేది. ఆమె ఒక గుడ్డపేలిక చింపి లింగవ్వ నుదుటికి కట్టింది. ఆ తర్వాత తనతో పనిచేసే ఆడవాళ్ల దగ్గరికి పరుగెత్తింది.

"మనకెందుకక్కా? వాళ్ల లొల్లి వాళ్లది," అంది ఒకామె. "కాంట్రాక్టరు చూస్తే పని పోతది."

"మొన్న మనం యూనియన్ పెడ్తమంటె ఎవల జీపు వచ్చింది? గిదే జీపు. ఎవలు పంపిండ్రు? గీ జైపాలే. గప్పుడు మనకు సమ్మె టెంటుకాడ అన్నం వండిపెట్టింది ఎవలు? చెప్పుండ్రి!"

కొందరు చీపుళ్లు పట్టుకునే లేచారు. కొందరు లేవలేదు.

ఠాణాలో ఎస్సై దీప వేలు బలవంతంగా ఫోన్ మీద నొక్కించాడు. ఒక్కొక్క గొంతూ తీసేయడం మొదలుపెట్టాడు.

"సార్, మీ కాళ్లు మొక్కుత. మిగిలినయి తీసెయ్యుండ్రి. సారలమ్మది ఉంచుండ్రి. ఆమె సచ్చిపోయింది సార్. మల్ల చెప్పలేదు. నన్ను జైల్ల ఎయ్యుండ్రి. గదొక్కటి ఉంచుండ్రి."

ఆయన తల కూడా ఎత్తలేదు. వేలు కదిపాడు. అంతే.

కిటికీ ఊచలు పట్టుకుని దీప పెట్టిన కేక రోడ్డు దాకా వినబడింది. "అవ్వా! అంతా చెరిపిండ్రు! సారలమ్మను మల్ల సంపిండ్రు!"

ఠాణా ముందు నిలబడ్డ లింగవ్వ అక్కడే కూలబడింది. "నేనే ఆపిన. ఇంకో ఫోన్ల ఎక్కియ్యద్దని నేనే అన్న," అని నేలను కొట్టుకుంది. హిజ్రాలు ఆమె చుట్టూ చేరి గొల్లుమన్నారు. మొదటి షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్లు, బండ్లు ఆపి చూస్తున్నారు. "ఏమాయె? ఆడంగోళ్ల పంచాది," అని ఎవడో నవ్వాడు.

లింగవ్వ లేచింది. ఆ నవ్వినవాడి ముందుకే వెళ్లి నిలబడింది.

"ఫోన్ తియ్యి. తీసి పట్టు. నా పేరు లింగవ్వ. మా నాయిన గీ ఖనిలనే బాయి పని చేసిండు. నన్ను పన్నెండేండ్లకు ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండు..."

వాడు ఫోన్ తీశాడో లేదో కాని, పక్కవాళ్లు తీశారు. ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత రోడ్డుకు ఆవలివైపు కూడా. లింగవ్వ ఆపగానే ఇంకొకామె అందుకుంది. తమ కథలు అయ్యాక సారలమ్మ కథ మొదలుపెట్టారు. నాయనమ్మ తాడు విప్పడం ఒకరికి గుర్తుంది. వాగులో మునగడం ఇంకొకరికి గుర్తుంది. ఊరి పేరు దగ్గర ఇద్దరు వాదులాడుకున్నారు. అనసూర్య ముందుకొచ్చి, టెంటు దగ్గర సారలమ్మ తనకు చెప్పిన ముచ్చట కలిపింది. కాని సగం కూడా రాలేదు. ఆగి గాలి పీల్చుకుని మళ్లీ అందుకునే ఆ గొంతు రాలేదు. ఆ నవ్వు రాలేదు. అవి ఇక రావని చెబుతున్న అందరికీ తెలుసు. అయినా చెప్పారు.

అప్పుడే సదయ్య వచ్చాడు. గది తాళం తీసింది ఆయన భార్యే. "పో. ఇన్నేండ్లు నాకు తెల్వదనుకున్నవా?" అని తలుపు తీసి పక్కకు జరిగిందట.

జైపాల్ ఎదురొచ్చి రెక్క పట్టుకున్నాడు. "నాయినా, నడువు ఇంటికి. ఇజ్జత్ తీస్తున్నవ్."

"నీ ఇజ్జత్ నీ దగ్గర పెట్టుకో బిడ్డా. నా మనిషి బండ కింద పడ్డనాడు నేను ఏడ్వలే. ఇయ్యాల ఏడ్వనీ."

అందరి మధ్యా నిలబడి రఘుపతి పేరు బిగ్గరగా చెప్పాడు. జోడీగా టబ్బు నింపిన సంగతీ, కప్పు కూలిన సంగతీ, మొదటినుంచీ అంతా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. రఘుపతితో పనిచేసిన ఒక ముసలి కార్మికుడు జనంలోంచి వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు.

లాఠీలు లేచాయి. చీపుళ్లు విరిగాయి. అనసూర్య చెయ్యి వాచింది. లింగవ్వను, సదయ్యను, ఇంకా నలుగురిని వ్యాన్‌లోకి తోశారు. లోపల కానిస్టేబులు పేరడిగాడు.

"సదయ్య."

"ఎవని మనిషివి?" ఏ పార్టీవాడో తెలుసుకోవాలని అతను అడిగాడు.

"రఘుపతి మనిషిని."

దీపతో సహా అందరినీ రిమాండుకు పంపారు. ఠాణా ముందు తీసిన వీడియోలు మాత్రం రాత్రికి రాత్రే చుట్టుపక్కల బొగ్గుబాయి ఊళ్లన్నిటికీ పాకాయి. జైపాల్ ఆ రాత్రే అనసూర్యను పనిలోంచి తీసేశాడు. ఆమెతో వచ్చిన ఆడవాళ్లు మర్నాడు పొద్దున రోడ్లు ఊడ్వలేదు. వచ్చి ఠాణా ఎదుట రోడ్డు పక్కన కూర్చున్నారు. మిగిలిన హిజ్రాలు వాళ్ల పక్కన కూర్చున్నారు. పోలీసులు చుట్టూ నిలబడ్డారు. ఎండ ఎక్కుతోంది. బెయిలు దొరుకుతుందో లేదో తెలియదు.

మందమర్రి నుంచి వచ్చిన బస్సు ఆగింది. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన దిగాడు. లాఠీల వైపు ఒకసారి చూశాడు. కాసేపు అక్కడే తటపటాయించి, ఆ తర్వాత పోలీసుల మధ్య నుంచే నడిచివచ్చి అనసూర్య ముందు నిలబడ్డాడు.

"ముచ్చట చెప్పేది గీడనేనా బిడ్డా?"

అనసూర్య వాచిన చేత్తోనే పక్కన చోటు చేసింది.

"గీడనే కాకా. కూసో."