పాలు పొంగేదాకా

నూకరత్నం పొయ్యి మీద పెట్టిన పాలు పదకొండు రోజులుగా పొంగడం లేదు.

ఆ ఊళ్ళో కొత్తగా దిగినవాళ్ళ పాలు పొంగడం ఊరంతా చూడాలి. చూడకుండా వెళ్ళిపోతే మర్యాద కాదు. ఊరేమో రోజుకో వీధి చొప్పున పెరుగుతోంది, ఆ వీధివాళ్ళూ వస్తున్నారు. అందరికీ చోటివ్వడానికి ముందుగది సాగుతోంది. ఈ పొద్దున్నుంచి దాని అవతలి గోడ కనబడడం మానేసింది.

మంచివాళ్ళే, పాపం. ఒక్కరూ వట్టి చేతులతో రాలేదు. నూకరత్నం నాలుగు నెలల కూతుర్ని ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకుని, ముద్దాడి, పక్కవాళ్ళకి అందిస్తున్నారు. పిల్ల చేతులు మారుతూ గది పొడుగునా వెళ్ళిపోతోంది. ఏడుపు పక్కింట్లోంచి వస్తున్నట్టుంది, కాసేపటికి పక్క వీధిలోంచి వస్తున్నట్టుంది.

"పిల్లకి ఆకలేసీసింది, ఇటిచ్చీండమ్మా," అంటుంది నూకరత్నం.

"అందరూ ఎత్తుకున్నాక అదే వొచ్చెస్తాది," అంటుంది పక్కింటి సింహాలమ్మ. "నువ్వు గిన్ని మీంచి కళ్ళు తియ్యకు. నువ్వు సూడకుండా పొంగితే ఈ ఊరు నిన్నెరగదు. ఇల్లు ఇంకొకలికిచ్చీస్తారు."

మూడూళ్ళు తరిమితే దొరికిన ఇల్లది. నూకరత్నం కళ్ళు గిన్నెకి అతుక్కుపోతాయి, చెవులు పిల్ల వెనకాలే పోతాయి. ఇంతలో ఏడుపు ఆగిపోతుంది.

"ఇల్లు పోతే పోనీ!" అని పొయ్యి వదిలేసి పరుగెడుతుంది.

జనం నవ్వుతూ దారిస్తారు. ఒకామె పరుగులోనే బొట్టు పెడుతుంది, ఇంకొకామె జడలో కనకాంబరాలు తురుముతుంది. పిల్లేదంటే, "ఇప్పుడే అటిచ్చినాం," అంటారందరూ. పిల్లకింకా పేరు పెట్టలేదు. ఏమని పిలవాలో తెలియక "అమ్మా! అమ్మా!" అని అరిస్తే గదిలోని ఆడవాళ్ళందరూ పలుకుతారు. వచ్చేవాళ్ళకి దణ్ణాలు పెడుతున్న మొగుడు తవిటయ్య ఆమెకీ ఒక దణ్ణం పెడతాడు.

గది చివర, వీధిగుమ్మంలో, తల ముగ్గుబుట్టయిన ముసలామె పళ్ళెంలో చీర పట్టుకుని నిలబడి ఉంది.

"కొత్తగా దిగినారా తల్లీ? నానూ ఒళ్ళో పిల్లగా ఈ ఊరొచ్చినదాన్నే. అందరూ ఎత్తుకుని పెంచినారు."

ఆ గొంతు వినగానే నూకరత్నానికి పాలు చేపుకొస్తాయి, రవిక తడిసిపోతుంది. పరాయి బిడ్డలెంత ఏడ్చినా ఎన్నడూ అలా కాలేదు. ఆమె భోరుమంటూ గుమ్మంలోనే చతికిలబడి, ముసలామెని ఒళ్ళోకి లాక్కుని కొంగు కప్పుతుంది.

ముసలామె బోసినోటితో ఆత్రంగా తాగుతుంది. ఆమె కాళ్ళు గడప దాటి, వీధి దాటి, ఇంకా ఇళ్ళు లేని పొలాల్లోకి సాగిపోతూ, అక్కడ మెత్తగా మట్టిని తన్నుతుంటాయి.