తెరుచుకోని తలుపు

బర్మాలోని రంగం నుంచి ఒక రేకుపెట్టెతో దిగిన సుందరరాజు నంద్యాలలో మూడేళ్లకే దొర అయ్యాడంటే, ఆ పెట్టెలో ఏముందోనని మేమంతా తలలు బద్దలు కొట్టుకున్నాం. ఏమీ లేదు. ఆయనకున్నదల్లా నోరు. కర్నూలు రాజధాని అయిన ఏడాది గుమాస్తాలు ఇళ్లు దొరక్క గుడారాల్లో పడుకుంటుంటే, ఈయన బొంగులు, రేకులు పట్టుకెళ్లి నాలుగు రోజులకో కొట్టం లేపాడు. అందులో ఒక గుమాస్తా తుమ్మితే పక్క కొట్టం కప్పు ఎగిరి తుంగభద్రలో పడిందట. పడటం నేను చూడలేదు గానీ, రేకు తడిసి ఉండటం చూశాను.

రాజధాని హైదరాబాదుకు పోయింది, గుమాస్తాలూ పోయారు. సుందరరాజు ఆళ్లగడ్డ వచ్చి, రోడ్డు పక్కన నల్లరేగడి చేను కొని, ఉన్నదంతా పెట్టి గోడకు గోడ కలిపి ఆరు ఇళ్లు మొదలుపెట్టాడు. అవి అమ్ముడుపోకపోతే మళ్లీ రేకుపెట్టే గతి.

రేగడిలో ఇల్లు కట్టేవాడు అడుగున గట్టి గరుసు నేల తగిలేదాకా తవ్వి, ఇసుక పోసి, ఆ పైన పునాది వేస్తాడు. మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఈయన పని మొదలుపెట్టింది నడి ఎండాకాలం. నేల ఇనుములా ఉంది.

మేస్త్రీ ఓబయ్య చెప్పి చూశాడు. "రాజప్పా, నిలువెత్తు తొవ్వల్ల. గరుసు యాడుందో చూడల్ల."

"గడ్డపారే దిగకపోతే ఇంకేం తొవ్వేది? దేవుడే పునాది వేసి పెట్టినాడు" అని సుందరరాజు మోకాలి లోతుతో సరిపెట్టి, ఎదురు చెప్పినందుకు ఓబయ్యను పంపేశాడు.

శ్రావణంలో మొదటి ఇంటికి గృహప్రవేశం. నాలుగు రోజులుగా ఒకటే వాన. అహోబిలం నుంచి శేషాద్రి స్వామి వచ్చారు. పెద్ద రైతు చెన్నకేశవులుతో పాటు మేం పదిమందిమి వెళ్లాం. చెన్నకేశవులు కొంటే ఊరు కొంటుంది. ఆయన ఎగతాళిగా నవ్వితే సుందరరాజు పని అయిపోయినట్టే. హోమం మీద జల్లు పడుతోందని తలుపు గట్టిగా వేశారు. కిటికీలకు ఇనుప కడ్డీలు.

భోజనాలయ్యాక తీయబోతే తలుపు రాలేదు. తడిసిన రేగడి ఉబ్బి గడపను పైకెత్తేసింది. ఎనిమిదిమందిమి పట్టి లాగాం. గొళ్లెం ఊడి చేతికొచ్చింది గానీ తలుపు కదల్లేదు.

"ఏందప్పా ఇది, ఇల్లా ఎలకల బోనా?" అన్నాడు చెన్నకేశవులు.

"నా బస్సు పోతుందయ్యా!" అన్నారు స్వామి.

కిటికీలోంచి కేకేస్తే ఓబయ్య వచ్చి, అరుగు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. "తొవ్వమంటే తొవ్వకపోతివి. ఇప్పుడు నన్ను పిలుస్తాండావా?" అని తీరిగ్గా ఉలి తీసి గడప చెక్కసాగాడు.

సుందరరాజు మొహం పాలిపోయింది. రేకుపెట్టె కళ్ల ముందు కనబడి ఉంటుంది. చటుక్కున చెన్నకేశవులు వైపు తిరిగాడు.

"అన్నా, పోయిన నెల మీ ఇంటి తలుపు పగలగొట్టిన దొంగలు ఎంతమంది?"

"ఇద్దురు."

"ఈడ ఎనిమిదిమంది ఎద్దుల్లాంటోళ్లు లాగినారు. ఇంక దొంగ ఏం చేస్తాడన్నా?"

చెన్నకేశవులు మీసం దువ్వాడు. "నిజమే గదప్పా!"

మా బుర్రలకూ గరుసు దాకా పునాది లేనట్టుంది. ఓబయ్య మమ్మల్ని బయటికి తీసేలోపు ఆరు ఇళ్లకూ బయానా పడింది.

వేసవికి నేల నెర్రెలిచ్చింది, గోడలూ నెర్రెలిచ్చాయి. సుందరరాజు నంద్యాలలో రెండంతస్తుల మేడ కట్టుకున్నాడు. దానికి మాత్రం నిలువున్నర తవ్వించాడు, అదీ ఓబయ్య చేతనే. చెన్నకేశవులు గోడ నెర్రెలోంచి పక్కింట్లోకి చెయ్యి పెట్టి చుట్టకు నిప్పు తీసుకుంటాడు. ఆయన గొర్రెలు కూడా ఆ దారినే వస్తూ పోతూ ఉంటాయి.

ఆ పక్కిల్లు నాది. తలుపులకు మాత్రం ఇద్దరం రోజూ తాళాలు వేస్తాం.