విరుదునగర్ నుంచి వచ్చిన మేనమామ

పాలసామి నాలుగు డబ్బులు వెనకేసుకుందామని రంగూన్ పోయి ఓడరేవులో మూటలు మోశాడు. అక్కడ మన దేశపు కూలీల మీద గొడవలొచ్చి తిరిగి వచ్చేటప్పుడు అతని వెంట ఉన్నవి ఒక గొడుగు, మా సేన్ అనే బర్మా పెళ్ళాం, ఆమె చంకలో ఒక ఆడపిల్ల. కోవిల్‌పట్టిలో రైలు దిగి నల్లరేగడి దారిన సొంత ఊరు చేరేసరికి గొడుగు విరిగిపోయింది. మిగతా ఇద్దరూ గట్టిగానే ఉన్నారు.

ఆ ఊళ్ళో నాయకర్లంతా ఇంట్లో తెలుగూ, గడప దాటితే అరవమూ మాట్లాడే జనం. పాలసామి తల్లి అళగమ్మాళ్ మనవరాలిని ఎత్తుకుని లోపలికి పోయింది గానీ కోడలితో నోరు విప్పలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే పెరట్లో రోటికి చెప్పేది. "ఓ రోలా, మిరపకాయలు ఎండలో ఎయ్యకూడదా?" అనేది. మా సేన్ లేచి మిరపకాయలు ఎండబోసేది. రోలు మధ్యవర్తిగా సంసారం పెద్ద తగాదా లేకుండానే నడిచింది.

చిక్కు పిల్ల చెవుల దగ్గర వచ్చింది. ముత్తుమారికి చెవులు కుట్టే వయసు దాటిపోతోంది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే తప్ప ఆ ఊళ్ళో ఏ పిల్లకూ సూది గుచ్చరు. చెవులు కుట్టని పిల్లను వరసలో కలపరు, రేపు సంబంధమూ అడగరు. ఊరిపెద్ద తిరుమలసామి నాయకర్ సంగతి తేల్చి చెప్పేశాడు.

"ఇదో సూడు పాలసామీ, మామ లేడంటే నీ పెళ్ళానికి పుట్టిల్లు లేదని అర్తం. పుట్టిల్లు లేనిదాన్ని మన ఇంటి కోడలని ఎట్టా సొల్లేది? దాని మనిసి ఒకడు రానీ. అంతవరకూ నీ బిడ్డ ఊరి బిడ్డ గాదు."

పాలసామికి అన్నం సయించలేదు. కూతురంటే అతనికి ప్రాణం. రంగూన్ నుంచి బావమరిదిని పిలిపిద్దామంటే, ఆ మాటెత్తగానే మా సేన్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఎందుకో చెప్పేది కాదు.

అట్లాంటి రోజుల్లో మిరపకాయల బస్తాలతో విరుదునగర్ పోయాడు. స్టేషన్ పక్క మైదానంలో సర్కస్ గుడారం వేశారు. మిరప గిడ్డంగుల ఘాటుకు సర్కస్ గుర్రాలన్నీ వరసగా తుమ్ముతున్నాయి. వాటి ముక్కులు తడిగుడ్డతో తుడుస్తూ, తనూ తుమ్ముతూ ఒక మనిషి కనిపించాడు. వెడల్పు ముఖం, సన్న కళ్ళు. అచ్చం మా సేన్ వాళ్ళ మనిషే!

ఇద్దరికీ వచ్చీరాని హిందుస్తానీ ఉంది. పాలసామిది రంగూన్ రేవులో నేర్చింది, అవతలివాడిది కలకత్తా గుర్రాల లాయంలో నేర్చింది. పేరు దోర్జి. ఊరు మంగోలియా. బర్మా ఎటుందో కూడా అతనికి తెలియదు. ఇంకొకడైతే అక్కడితో లేచి వచ్చేసేవాడే. పాలసామి మాత్రం తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం.

నీళ్ళని ఏమంటారని అడిగాడు. దోర్జి "ఉస్" అన్నాడు. మా సేన్ "యే" అంటుంది. కలవలేదు. అమ్మని "ఏజ్" అన్నాడు. మా సేన్ "అమే" అంటుంది. కలవలేదు. గుర్రాన్ని "మోరి" అన్నాడు. మా సేన్ "మ్యిన్" అంటుంది. మొదటి అక్షరం దాకా కలిసింది. పాలసామికి అది చాలు.

అతని లెక్క అతనికుంది. రంగూన్‌లో ఆంధ్రా కూలీలతో అతను తెలుగులో మాట్లాడితే వాళ్ళు సగం నవ్వి, సగం అర్థం చేసుకునేవారు. మన తాతలు ఉత్తరం నుంచి దిగివచ్చారు, మాట కొంచెం వంకర పోయింది. బర్మావాళ్ళూ ఉత్తరం నుంచే దిగారని చెప్పుకుంటారు. మంగోలియా ఇంకా ఉత్తరం. కాబట్టి ఆంధ్రా తెలుగుకు మన తెలుగు ఎట్లాగో, మంగోలియా మాటకు బర్మా మాట అట్లాగ. ప్రపంచంలో ప్రతి భాషకూ పైన ఎక్కడో ఒక పెద్దన్న భాష ఉంటుందని అతని నమ్మకం. ఆ ఊరి నాయకర్లలో ఎవరినడిగినా ఇదే చెబుతారు.

"ఒక్క పూట నా పెళ్ళానికి అన్నగా ఉంటావా?" అని దోర్జిని అడిగాడు. దోర్జి చాలాసేపు గుర్రం ముక్కు తుడిచి, వస్తానన్నాడు. ఖర్చులిస్తానంటే వద్దన్నాడు.

ఇంటికొచ్చి మా సేన్‌కి చెప్పాడు. "మీ మనిసి ఒకడు దొరికినాడు."

"ఏ ఊరు?"

"మీకు ఉత్తరం."

"మాకు ఉత్తరాన శానామంది ఉండారు," అని మా సేన్ బియ్యం ఏరుకుంది.

అనుకున్న రోజు దోర్జి ఎర్రటి సర్కస్ కోటు తొడుక్కుని, ఆ ఎండలో చెమటలు కక్కుతూ కోవిల్‌పట్టిలో దిగాడు. చేతిలో మేనమామ పెట్టాల్సిన సీరు: ఒక పట్టు పావడా, పిల్ల గాజులు. పాలసామి చెప్పింది విని తన జీతంతో తనే కొన్నాడు. ఇంటి ముందు చాప మీద కూర్చున్నాడు. ముత్తుమారి పోయి అతని కోటు బొత్తాలు లాగి చూసింది. కంసాలి శంకరలింగం ఆసారి బంగారు తీగా, సూదీ సిద్ధం చేసుకున్నాడు.

"ఆగండి," అన్నాడు తిరుమలసామి నాయకర్. "మొదట అన్నాసెల్లెలు మాట్లాడనీ. బాస ఒకటో కాదో ఇందాం."

మా సేన్ బర్మా భాషలో ఏదో అంది. మాట పైకి లేస్తూ కిందికి జారుతూ సాగింది. దోర్జి తల వంచి విన్నాడు. తర్వాత తన భాషలో బదులు చెప్పాడు. అది గొంతు అడుగు నుంచి, బండి గులకరాళ్ళ మీద పోయినట్టు వచ్చింది. ఊరంతా చెవులు రిక్కించింది. తెలియని భాషలు రెండింటిని పోల్చి తీర్పు చెప్పడానికి అక్కడ ఎవరూ జంకలేదు.

"ఒకటి గాదు. ఇది కూస్తాది, అది గీరతాది," అన్నాడు నాయకర్.

పాలసామి సిద్ధంగానే ఉన్నాడు. "పెదనాయినా, మీరు తిరపతి పోయి తెలుగులో అడిగితే అంగడివాడు ఏమి బదులు సెప్పినాడు?"

నాయకర్ ముఖం మాడిపోయింది. అంగడివాడు అరవంలో బదులు చెప్పాడని ఊరంతటికీ తెలుసు.

"అట్టాగని మనది తెలుగు గాదా?"

నాయకర్ తలపాగా సర్దుకున్నాడు. వీళ్ళవి వేరు వేరు భాషలంటే తనది తెలుగు కాదని ఒప్పుకున్నట్టే. పాము చావకుండా కర్ర విరగకుండా మాట వెతుక్కున్నాడు. "ఒకే బాసేనేమో. కొంజం దూరమై పోయుండాది. సరి, కుట్టండి."

గెలిచానని పాలసామి ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు మా సేన్ లేచి నిలబడింది.

"ఈయన మా అన్న గాడు. నాకు ఒక్క ముక్కా తెలీలేదు."

శంకరలింగం సూది కింద పెట్టేశాడు. మా సేన్ తెలుగు మొగుడి దగ్గర నేర్చింది, అందుకే అందులో మర్యాదలు తక్కువ. ఉన్నంతలోనే చెప్పింది.

"మా అన్న రంగూన్‌లో ఉండాడు. నా బాస అంతా తెలుసు. గొడవల్లో బిడ్డను ఎత్తుకుని పోయి, ఒక్క పూట ఉండనీ అని అడిగితిని. అంతా తెలిసి తలుపేసినాడు. ఈయనకు నా బాస తెలీదు. రైలెక్కి వచ్చినాడు. మామ ఎవరో మీరే సెప్పండి."

అన్న ఇంట్లో లేడని ఆ రోజు పాలసామితో చెప్పింది. అసలు సంగతి అతనికి ఇప్పుడు తెలిసింది. అంత బాధ ఒక్కతే మోసుకుని తిరిగిన మనిషికి అన్నను వెతికి తెచ్చానని మురిసిపోయినందుకు అతనికి సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

అంతవరకూ తలుపు దగ్గర నిలబడ్డ అళగమ్మాళ్ గడప దిగి కోడలి ముందుకు వచ్చింది. ఆమె చెవులు చూసింది. రెండూ కుట్టే ఉన్నాయి.

"నీకు కుట్టేటప్పుడు ఎవురు పట్టుకున్నారు?"

రోటిని కాదు, కోడలినే అడిగింది.

"మా అన్నే, అత్తా."

అళగమ్మాళ్ మనవరాలిని ఎత్తి దోర్జి ఒళ్ళో కూర్చోబెట్టింది. చెవిటివాడితో చెప్పినట్టు అతని ముఖంలో ముఖం పెట్టి, గట్టిగా తెలుగులో అంది.

"ఇదో సూడబ్బా, నువ్వు కూడా రేపు తలుపేసుకునేవాడివైతే ఇప్పుడే లేసి పో."

దోర్జికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లను రెండు చేతులా దగ్గరికి పొదువుకున్నాడు. అళగమ్మాళ్ శంకరలింగం వైపు తిరిగి, సూది తియ్యమంది.